అన్నిటికీ ఎన్ కొట్టు

"గొలుసు నేను తీసుకోలేదు వదినా."

"మరి దానికి కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోయిందా?"

"నాకేం తెలుసు? అన్నయ్యని అడగాల్సింది."

"అడిగాను. నీ చేతికిచ్చానన్నాడు."

బుడ్డోడి నోట్లో రెండు స్క్రూలున్నాయి. అవి ఉమ్మేసి జవాబు చెప్పాలా, ఊరుకోవాలా అన్నట్టు నా వంక చూశాడు. చివరికి మళ్ళీ పని మీదకి వంగాడు. మూడేళ్ళుగా మా ఇద్దరి మాటలూ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి.

బుడ్డోడంటే చిన్నపిల్లాడనుకునేరు. ముప్పై ఎనిమిదేళ్ళు, బట్టతల, ఇద్దరు పిల్లల తండ్రి. మా ఆయనకి తమ్ముడు కాబట్టి ఇంట్లో అందరికీ బుడ్డోడే. లాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టుంది వాడికి. మా ఆయన కటింగ్ మాస్టరు. నాది ఎంబ్రాయిడరీ పని. స్కూలు బ్యాడ్జీలు, ఆస్పత్రి కోట్ల మీద పేర్లు, అలాంటివి మెషిన్ మీద కుడతాను. ఆయన పోయి రెండున్నరేళ్ళయింది. ఈ కటింగ్ టేబుల్ మీదే, గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తూ గీస్తూ వాలిపోయాడు. గీత వంకర పోయింది. ఆ గుడ్డ నేను పారెయ్యలేదు, దిండు గలీబులు కుట్టేశాను. గుడ్డ గుడ్డే కదా.

ఇప్పుడా టేబుల్ మీద ఆయన లాప్‌టాప్ పొట్ట విప్పుకుని పడుంది. డిజైన్లు అందులోంచే వైరు మీద మెషిన్‌కి వెళ్ళాలి. నెల రోజుల నుంచీ మెషిన్ సగం కుట్టి ఆగిపోతోంది. సోమవారానికి రెండొందల బ్యాడ్జీలివ్వాలి, ఊదా రంగు దారంతో. గురువారం నాడు నలభై ఖరాబయ్యాయి. అప్పుడు పంతం చంపుకుని బుడ్డోడికి ఫోన్ చేశాను. శనివారం పొద్దున్నే వచ్చాడు. గొలుసు మాట ఎత్తకూడదనే అనుకున్నాను. టీ గ్లాసు చేతికిచ్చేలోపే ఎత్తేశాను.

"నీ సొమ్ము నాకక్కర్లేదు బుడ్డోడా," అన్నాను. "కొత్త మెషిన్ కోసం బాబిన్ల డ్రాయర్లో, బిస్కెట్ల డబ్బాలో నలభై ఒక్క వేల మూడు వందల అరవై దాచాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. నాక్కావాల్సింది నువ్వు ఒప్పుకోవడం. అవును వదినా, అవసరానికి తీసుకున్నాను, పోగొట్టాను అను. ఆ ఒక్క ముక్క విన్నాక గొలుసు ఊసే ఎత్తను."

"తియ్యనిది తీశానని ఎలా చెప్పను?"

"మీ అన్న చచ్చేదాకా అదే మాట మీదున్నాడు మరి."

వాడు స్క్రూలు బిగించి, చేతులు తుడుచుకుని, "పాతదంతా తుడిచేయనా? అన్నయ్యవేమైనా ఉన్నాయేమో చూసుకో," అన్నాడు.

"నా డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మిగతాదంతా తుడిచెయ్."

"అంతా?"

"ఇల్లు కడిగినట్టు."

తుడిచేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ మనిషి గుర్తు ఒక్కటి కూడా అందులో మిగల్లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత వాడు నాకు చెప్పిందేమిటంటే, ఇంత పాత లాప్‌టాప్‌కి మామూలుగా దొరికే సిస్టమ్ వేస్తే ఊపిరాడదట. అది రెడీమేడ్ చొక్కా లాంటిదట, అందరికీ సరిపోయేలా జేబులూ గుండీలూ ఎక్కువ. అందుకని ఇంకో రకం వేస్తానన్నాడు. దాన్ని ఎవరో కుట్టి ఇవ్వరు. దారం దగ్గర్నుంచీ, గుడ్డ దగ్గర్నుంచీ అన్నీ తెచ్చుకుని, ఈ లాప్‌టాపే తన కొలతలకి తగ్గట్టు తన చొక్కా తనే కుట్టుకుంటుందట.

"ఎంతసేపు కుడుతుంది?"

"రేపు పొద్దునకి అయితే అదృష్టం."

"నేనైతే ఈపాటికి పది చొక్కాలు కుట్టి అవతల పారేసేదాన్ని."

"అందుకే నువ్వు నువ్వు, అది అది," అన్నాడు. ఆ రోజు వాడు నవ్వడం అదొక్కసారే.

ముందు నెట్‌లోంచి ఒక చిన్న మూట దింపి విప్పాడు. అది మొదలు పెట్టుకోడానికట. తర్వాత తెర మీద ఒక చీటీ లాంటిది తెరిచాడు. ఏమేం కావాలి, ఏమేం వద్దు అని అందులో రాసిస్తే, వద్దన్నవి ఆ లాప్‌టాప్‌లో పుట్టనే పుట్టవు. దాచిపెట్టడం కాదు, అసలు పుట్టవు. ఆ సంగతి నాకు బాగా నచ్చింది.

"సౌండు కావాలా?"

"వద్దు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేకే ప్రశాంతంగా ఉంది."

"కెమెరా?"

"నా మొహం నేను చూసుకుని ఏడాదయింది. వద్దు."

"ప్రింటరు?"

"వద్దు."

"వైర్లు లేకుండా మాట్లాడుకునేది?"

"వైరున్నా వినేవాళ్ళు లేరు. వద్దు."

అలా వద్దు వద్దు అంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒకటే కావాలన్నాను, ఎంబ్రాయిడరీ మెషిన్ వైరు. అది చివర్న, అన్నీ అయ్యాక పెడతానన్నాడు. వైరు చుట్టి గోడ మేకుకి తగిలించాడు. అదే మేకుకి మా ఆయన పెద్ద కత్తెర కూడా ఉంది.

ఆ కత్తెర గురించి ఒక్క మాట. మా ఆయనకి మాట్లాడుతూ మాట్లాడుతూ ఉత్త గాలిని కత్తిరించే అలవాటు. కరక్... కరక్... అని. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. పదును పోతుందయ్యా అంటే, వేళ్ళు ఊరుకోవే అనేవాడు. ఆయన పోయాక ఇంట్లో ముందుగా తెలిసిన లోటు ఆ చప్పుడే. అదేమీ నన్ను ఏడిపించలేదు. గమనించానంతే.

సాయంత్రానికి బుడ్డోడు అన్నీ సర్ది, ఒక మీట నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పాకడం మొదలెట్టాయి. ఒకటే పరుగు.

"నేను వెళ్ళాలి వదినా. మా ఆవిడకి నైట్ డ్యూటీ, పిల్లల్ని చూసుకోవాలి. నువ్వు చెయ్యాల్సింది ఏం లేదు. మూత వెయ్యకు. టేబుల్ ఫ్యాను దీని మీదకే ఉంచు, వేడెక్కితే ఆగిపోతుంది. మధ్యలో ఎప్పుడైనా ఆగి ఏమైనా అడిగిందనుకో..."

"నన్నా? నాకు ఇంగ్లీషేం వచ్చు?"

"అక్షరాలు వచ్చుగా?"

అది నిజమే. చదవడం రాదు గానీ, పదేళ్ళుగా బ్యాడ్జీల మీద కుట్టీ కుట్టీ ఒక్కో అక్షరం వంపూ నా వేళ్ళకి తెలుసు.

"అడిగితే చివర్న వై అనీ ఎన్ అనీ ఉంటాయి. వై అంటే కావాలి, ఎన్ అంటే వద్దు. నువ్వు అన్నిటికీ ఎన్ కొట్టు, ఎంటర్ కొట్టు. పొరపాటున కూడా వై కొట్టకు. వై కొట్టావంటే అది దాన్ని లోపల కలిపి కుట్టేస్తుంది, తర్వాత విప్పడం నా వల్ల కాదు."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "వదినా, ఇంకో సంగతి. వచ్చే నెల కొట్టు ఎత్తేస్తున్నాను. వేరే ఊళ్ళో పని దొరికింది. వెళ్ళేలోపు ఆ గొలుసు సంగతి ఎలాగోలా తేలితే బాగుండు. దొంగ పేరు పెట్టుకుని వెళ్ళాలని లేదు."

"తేల్చాల్సింది నువ్వే," అన్నాను. తలుపు గడియ పెట్టేశాను.

రాత్రి తొమ్మిదింటి దాకా ఏమీ లేదు. అక్షరాలు పాకుతున్నాయి. రెండుసార్లు ఆగి ఏదో అడిగింది. ఎన్ కొట్టాను, ఎంటర్ కొట్టాను. మళ్ళీ పాకింది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఖరాబైన బ్యాడ్జీల కుట్లు విప్పుతున్నాను. గదిలో మెషిన్ నూనె వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. లోపలి ఫ్యాను చిన్నగా ఈల వేస్తోంది. బయట ఎవరో సైకిల్ స్టాండ్ వేశారు, తర్వాత అదీ లేదు.

పదకొండు దాటాక కునుకు పట్టింది. లేచేసరికి లోపలి ఫ్యాను ఈల ఆగిపోయింది.

తెర మీద అక్షరాలు ఆగి ఉన్నాయి. కింద ఒక ప్రశ్న. చివర్న వై, ఎన్.

ఎన్ కొట్టాను.

మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. వేలు సరిగ్గా పడలేదేమో అనుకుని ఇంకోసారి కొట్టాను. మళ్ళీ అదే. అప్పుడు అక్షరాల వంక చూశాను. ముందువన్నీ పొడుగ్గా, తోకలతో, గీతలతో ఉన్నాయి. ఇది పొట్టిగా ఉంది. రెండే మాటలు. బ్యాడ్జీ మీద కుట్టేటప్పుడు ఎలా చూసుకుంటానో అలా ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాను.

ఎన్. ఇ. ఎన్. యు.

నేను.

యు... ఎన్... డి... ఎ... ఎన్... ఎ.

ఉండనా.

నేను ఉండనా? వై, ఎన్.

ముందుగా వచ్చింది భయం కాదు, ఒళ్ళు మంట. బుడ్డోడు నన్ను ఏడిపించడానికి పెట్టాడనుకున్నాను. ఫోన్ తీసి కలిపాను.

"ఏంట్రా ఈ వేషాలు?"

వాడు నిద్రలోంచి లేచాడు. "ఏమైంది? ఆగిపోయిందా?"

"తెలుగులో అడుగుతోంది."

"తెలుగులోనా? అందులో తెలుగేంటి వదినా... ఎన్ కొట్టు. ఏం అడిగినా ఎన్ కొట్టు." వాడి గొంతులో నిద్ర తప్ప ఏమీ లేదు. అబద్ధమైతే నాకు తెలిసేది.

ఫోన్ పెట్టేశాను. మూడోసారి ఎన్ కొట్టాను. గట్టిగా.

అక్షరాలన్నీ పోయాయి. తెర మొత్తం నలుపు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు వినిపించింది...

కరక్.

నా వెనక. గోడ వైపు.

కరక్... కరక్...

తల తిప్పలేదు. తిప్పకుండానే తెర నలుపులో వెనక గోడ కనిపిస్తోంది. మేకు కనిపిస్తోంది. చుట్టిన వైరు కనిపిస్తోంది. దాని పక్కన ఉండాల్సింది కనిపించట్లేదు.

సుద్ద వాసన వచ్చింది. దాంతోపాటు ఆయన నుదుటికి రాసుకునే తలనొప్పి మందు వాసన. ఆ సీసా నేనే పారేశాను, రెండేళ్ళ కిందట.

కింద మళ్ళీ అక్షరాలు.

నేను ఉండనా?

ఈసారి ఎన్ కొట్టలేదు. అయినా ఒకటి చెప్పాలి. నేను ఏడ్చి కాళ్ళ మీద పడే రకం కాదు. పదిహేడేళ్ళు కాపురం చేసిన మనిషి వెనక నిలబడ్డాడంటే, ఆ మనిషిని అడగాల్సిన మాట ఒకటి నా గొంతులో మూడేళ్ళుగా ఉంది.

"గొలుసు ఎవరు తీశారు?" గుసగుసగా అడిగాను.

తెర మీద ఒక్కొక్క అక్షరమే పడింది. ఎవరో ఒంటివేలితో కొడుతున్నట్టు.

టి... ఎ... ఎం... ఎం... యు... డి... యు.

తమ్ముడు.

కరక్... కరక్...

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళూ తట్టనిది ఆ చీకట్లో తట్టింది. ఆ కత్తెర ఆయన ఊరికే ఆడించలేదు. పనిచేసే కొట్లో జీతం రాలేదన్న రోజు... కరక్. స్నేహితుడి ఇంట్లో పడుకున్నానన్న రోజు... కరక్. గొలుసు తమ్ముడికిచ్చానే, పాపం అవసరమట, అన్న రోజు కూడా ఇదే టేబుల్ దగ్గర నిలబడి, నా మొహం చూడకుండా... కరక్, కరక్. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆ వేళ్ళు ఊరుకోలేదు.

మూడేళ్ళు. మూడేళ్ళు నేను ఆ పిల్లాడి నోట్లో అన్నం ముద్ద పెట్టలేదు.

"నిజం చెప్పు," అన్నాను. "చచ్చాక కూడా నా దగ్గర ఆడుతున్నావా... నిజం చెప్పు."

కత్తెర ఆగింది.

నా కుడిపక్క ఎంబ్రాయిడరీ మెషిన్ లైటు వెలిగింది.

వైరు మేకు మీదే ఉంది. మెషిన్‌కి ఏ వైరూ లేదు. చట్రంలో రేపటి కోసం బిగించిన తెల్లగుడ్డ ఉంది, సూదిలో ఊదా దారం ఉంది. సూది ఒకసారి పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. తర్వాత టకటకటకటక... మొదలెట్టింది. టేబుల్ అదిరింది. గ్లాసులో టీ అదిరింది. నా పళ్ళు అదిరాయి.

ముందు ఒక నిలువు గీత. తర్వాత అడ్డగీత. రెండు వైపులా వేలాడే తట్టలు. త్రాసు.

ఆ త్రాసు ఈ వీధిలో అందరికీ తెలుసు. మూల మీద తాకట్టు కొట్టు బోర్డు మీద ఉండే బొమ్మ.

దాని కింద అంకెలు. ఒకటి. మళ్ళీ ఒకటి. ఏడు.

సూది ఆగిపోయింది. గుడ్డకి వెంట్రుకంత ఎత్తులో నిలబడింది. ఇంకో అంకె కుట్టడానికి చోటు వదిలేసి ఆగింది.

తెర మీద...

నేను ఉండనా?

అర్థమైంది. బాగా అర్థమైంది. సగం అడ్వాన్సు చేతిలో పడందే రెండో సగం కుట్టకూడదని నాకు నేర్పింది ఆయనే. ఎంత తెలిసినవాళ్ళైనా సరే, మొహమాటపడకే అనేవాడు. పదిహేడేళ్ళ పెళ్ళాం దగ్గర ఇప్పుడు అడ్వాన్సు అడుగుతున్నాడు.

బుడ్డోడి మాట గుర్తుంది నాకు. పొరపాటున కూడా వద్దన్నాడు. నేను పొరపాటున కొట్టలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగిన వాడి మొహం గుర్తొచ్చి కొట్టాను. ఆ నాలుగో అంకె లేకపోతే వాడు దొంగగానే వెళ్ళిపోతాడు.

వై కొట్టాను.

ఎంటర్.

సూది టకటకమని నాలుగో అంకె కుట్టేసింది. రెండు. దారం దానంతటదే తెగింది. మెషిన్ లైటు ఆరిపోయింది. లాప్‌టాప్‌లో ఫ్యాను మళ్ళీ ఈల అందుకుంది, అక్షరాలు మళ్ళీ పైకి పాకాయి, ఏమీ జరగనట్టు.

నేను వెనక్కి తిరగలేదు. వెనక ఏదో డ్రాయరు జరిగిన చప్పుడైంది. బాబిన్లు దొర్లాయి... ఒకటి కింద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి, నా కాలి దగ్గరకొచ్చి ఆగింది. వంగి తియ్యలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపో... వీధి తలుపు గడియ మెల్లగా, చప్పుడు కాకుండా తియ్యాలని చూసేవాళ్ళు తీసినట్టు, జరిగింది. తాగొచ్చిన రోజుల్లో ఆయన అలాగే తీసేవాడు. అప్పుడు లోపలికి రావడానికి. ఇప్పుడు బయటికి పోవడానికి.

తెల్లారి ఏడింటికి బుడ్డోడు వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నేను స్టూలు మీదే ఉన్నాను. కత్తెర మేకు మీదే ఉంది. లాప్‌టాప్ పని పూర్తి చేసుకుని, బుద్ధిమంతురాలిలా ఒక్క గీత మిణుకుమంటూ కూర్చుంది.

"బ్రహ్మాండంగా వచ్చింది వదినా!" అన్నాడు వాడు, మీటలు నొక్కుతూ. "కొత్తదాని కంటే వేగంగా ఉంది." తర్వాత నిన్నటి చీటీ తెరిచాడు. కిందకి జరుపుతూ పోయి, ఒక చోట ఆగాడు. "ఇదేంటి? మెషిన్ వైరు తప్ప అన్నిటికీ వద్దన్నాం కదా. చివర్న ఇంకోటి కావాలని ఉంది. దీనికి పేరు కూడా లేదు."

"తీసెయ్."

తీసెయ్యబోయాడు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు ప్రయత్నించాడు. బట్టతల మీద చెమట పట్టింది. "రావట్లేదు వదినా. దీన్ని తీస్తే మిగతావన్నీ ఊడిపోతాయంటోంది. అన్నీ దీన్ని పట్టుకునే ఉన్నాయంటోంది. ఏం కొట్టావు రాత్రి?"

చట్రం తీసి వాడి ముందు పెట్టాను. తెల్లగుడ్డ మీద ఊదా త్రాసు. కింద పదకొండు వందల డెబ్భై రెండు.

జరిగిందంతా చెప్పాను. నమ్మాడో లేదో తెలీదు. వైరు వంక చూశాడు, మెషిన్ వంక చూశాడు, కత్తెర వంక చూశాడు. ఆ తర్వాత దాని వైపు వీపు పెట్టి నిలబడలేదు.

"అన్నయ్య నా పేరు చెప్పాడా?" అన్నాడు చివరికి. "రాత్రి కూడా?"

"రాత్రి కూడా."

"నాకు సైకిల్ నేర్పించింది వాడే వదినా."

చెప్పు తెచ్చి వాడి చేతికిచ్చి కొట్టమందామనుకున్నాను. "నిన్ను దొంగని చేసింది మీ అన్న," అన్నాను.

"చెప్పింది వాడు. నమ్మింది నువ్వు."

చెప్పులేసుకుని ఇద్దరం బయల్దేరాం. ఆదివారమైనా ఆ కొట్టు మధ్యాహ్నం దాకా తీసే ఉంటుంది. ఇనుప చువ్వల వెనక గుమాస్తా కూర్చున్నాడు, కొత్తవాడు, చిన్న వయసు. గుడ్డ ముక్క చువ్వల్లోంచి లోపలికి తోశాను.

"ఈ నంబరు మీద ఏముందో చూడు నాయనా."

వాడు పుస్తకం తిప్పనే లేదు. "దీని గురించి మళ్ళీ వచ్చారేంటండీ? పొద్దున్నే అయిపోయిందిగా."

"ఏమయింది?"

"గొలుసండీ. మూడేళ్ళ కిందట పెట్టింది. నెలాఖరుకి వేలానికి పోయేది. పొద్దున నేను షట్టరు ఎత్తేసరికే ఆయన నిలబడి ఉన్నారు. అసలూ వడ్డీ మొత్తం కట్టేసి విడిపించుకున్నారు." నవ్వాడు. "కటింగ్ మాస్టరు కదండీ, పుస్తకంలో ఉంది. భుజం మీద ఊదా దారం ముక్క కూడా ఉంది. చెప్పినా దులుపుకోలేదు."

బుడ్డోడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సంతకం చేశాడా?" అన్నాడు వాడు.

గుమాస్తా పుస్తకం మా వైపు తిప్పాడు. మూడేళ్ళ కిందటి సంతకం, పక్కనే ఇవాళ్టి సంతకం. రెండూ ఒక్కటే. కాకపోతే ఇవాళ్టిది చివర్లో కొద్దిగా వంకర పోయింది. ఆ వంకర నాకు తెలుసు. సుద్ద గీతలో చూశాను.

"గొలుసేదీ?" అన్నాను. "ఎక్కడికి తీసుకెళ్తున్నానని చెప్పాడా?"

"తీసుకెళ్ళడం ఏంటండీ, ఇక్కడే వేసేశారు. రోడ్డు అవతల ఆవిడ నిలబడి ఉంది, శాలువా కప్పుకుని. మొహం కనపళ్ళేదు. ఈయన వెళ్ళి మెడలో వేశారు. ఇద్దరూ అటు నడిచెళ్ళిపోయారు."

అటు అంటే మా ఇంటి వైపు కాదు.

"ఎవరావిడ?"

గుమాస్తా నా వంకా బుడ్డోడి వంకా మార్చి మార్చి చూశాడు. వాడి నవ్వు తగ్గిపోయింది.

"నేను అడిగానండీ ఊరికే, మాటవరసకి. మా ఆవిడ అన్నారు. ఇన్నాళ్ళ నుంచీ అడుగుతోంది, ఇప్పటికి చేతికి డబ్బొచ్చింది అన్నారు." వాడు తడబడ్డాడు. "అలా అంటూ చేతివేళ్ళు రెండూ ఇలా ఆడిస్తున్నారు... కత్తెర్లాగా."

ఇంటికెళ్ళి బాబిన్ల డ్రాయరు తెరిచి చూడమని బుడ్డోడు నా చెవిలో అన్నాడు. అక్కర్లేదన్నాను. గుమాస్తా రసీదు నకలు చువ్వల కిందనుంచి ఇవతలికి జరిపాడు. కాగితానికి తలనొప్పి మందు వాసన. ఇంగ్లీషు ఎలాగూ నాకు చదవడం రాదు, అంకెలు మాత్రం చూశాను. నలభై ఒక్క వేల మూడు వందల అరవై.